శవం చూపించారా?

నా నెత్తిమీద జుట్టూ మూతిమీద మీసమూ ఒకే రోజు పోయాయి. 2017 ఏప్రిల్ 30, ఆదివారం. అదే రోజు మధ్యాహ్నం మా నాన్న కూడా పోయాడు. జుట్టు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. నాన్న మాత్రం రెండు గంటల్లో వచ్చేశాడు. నిజానికి ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. వరండాలో పడక్కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. పంపించింది నేను.

మొదటినుంచీ చెబుతాను. నవ్వొద్దని అనను. నవ్వండి గానీ మా ఆఫీసులో మాత్రం చెప్పకండి. అక్కడ ఇంకా తిరుపతి అనే అనుకుంటున్నారు.

కథలో నాకిష్టమైనవాడు చచ్చిపోతే ఒప్పుకోలేకపోవడం నా జబ్బు. మీకూ ఉంటుంది, దాచకండి. తెరమీద దీపం ఆరిపోయి, తెల్లగుడ్డ కప్పేసి, హీరోయిన్ గాజులు పగలగొట్టుకుంటున్నా మనం చేతి గడియారం చూసుకుని ‘ఇంకా అరగంట సినిమా ఉంది కదా’ అని ధైర్యం తెచ్చుకునే జాతే.

నాకీ జబ్బు అంటించినవాడు లండన్ మనిషి. 1987 వేసవిలో పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంటే, ఇంగ్లీషు మెరుగవుతుందని నాన్న మా ఊరి గ్రంథాలయంలో కార్డు చేయించాడు. తెనాలి దగ్గర పల్లె మాది. గ్రంథాలయం అంటే ఒక గది, మూడు చెక్క బీరువాలు, ఒక మంచినీళ్ళ కుండ. రిటైరైన డాక్టరుగారెవరో దానం చేసిన ఇంగ్లీషు పుస్తకాల్లో షెర్లాక్ హోమ్స్ ఉన్నాడు. నెలరోజులు డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని చదివాను. మే చివర్లో ఒక మధ్యాహ్నం స్విట్జర్లాండులో రైకెన్‌బాక్ జలపాతం దగ్గరికి చేరాను.

ఎవరో జబ్బుమనిషి ఉందని దొంగ చీటీ పంపి హోమ్స్ స్నేహితుడు డాక్టర్ వాట్సన్‌ని హోటలుకి మళ్ళించారు. అతను పరిగెత్తుకుంటూ తిరిగొచ్చేసరికి బండకి ఆనించిన చేతికర్ర, సిగరెట్ల డబ్బా కింద ఒక ఉత్తరం, తడిమట్టిలో అంచుదాకా వెళ్ళిన రెండు జతల అడుగులు. వెనక్కి వచ్చిన అడుగు ఒక్కటీ లేదు. తన శత్రువు మొరియార్టీతో కలబడి హోమ్స్ ఆ అగాధంలో పడిపోయాడు. కథ అయిపోయింది. పుస్తకమూ అయిపోయింది.

ఆ పూట అన్నం ముట్టలేదు. చెరువుగట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే అమ్మ వెతుక్కుంటూ వచ్చి, నేను పరీక్ష తప్పానని ఎవరో చెప్పారనుకుని, “పోతే పోయిందిలే నాన్నా, సెప్టెంబరులో రాసుకుందువుగాని” అని తనూ ఏడ్చింది. నాది హోమ్స్ కోసం, ఆవిడది లెక్కల పేపరు కోసం. ఎవరికోసమో విడమరిచి చెప్పే ఓపిక లేక ఇద్దరం కలిసే ఏడ్చాం.

పదకొండు రోజులు మైల పట్టాను. సినిమా లేదు, క్రికెట్ లేదు. మీతో నిజం చెప్పాలి కదా, అదే బీరువాలో, అదే వరసలో, నేను చదివిన పుస్తకానికి జానెడు దూరంలో ‘ది రిటర్న్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్’ అనే పుస్తకం నెలరోజులుగా నా కళ్ళముందే ఉంది. గ్రంథాలయంలో రిటర్న్ అంటే నాకు తెలిసిన అర్థం ఒకటే, గడువులోగా పుస్తకం తిరిగివ్వడం. హోమ్స్ పుస్తకాలు ఎవరెవరు ఎప్పుడు తిరిగిచ్చారో రాసుకునే రిజిస్టరు కాబోలనుకుని దాన్ని ముట్టుకోలేదు! పన్నెండో రోజున లైబ్రేరియన్ గారే నా మొహం చూడలేక దాన్ని తీసి చేతిలో పెట్టారు.

మూడేళ్ళ తరవాత వాట్సన్ ఇంటికి పాత పుస్తకాలు అమ్ముకునే గూని ముసలాయన వస్తాడు. వాట్సన్ అటు తిరిగి ఇటు తిరిగేసరికి ఆ ముసలాయన హోమ్స్ అయిపోతాడు. వాట్సన్ స్పృహ తప్పి పడిపోతాడు. నేను గ్రంథాలయం అరుగు మీదే గెంతాను. నిజానికి ఆ దేశంవాళ్ళు నాకంటే ఎక్కువ ఓర్చుకున్నారు. కోనన్ డాయల్ హోమ్స్‌ని చంపింది 1893లో, బతికించి తెచ్చింది 1903లో. మధ్యలో ఒక నవల ఇచ్చాడు గానీ అది హోమ్స్ పోకముందు సంగతి. వాళ్ళది పదేళ్ళు, నాది పదకొండు రోజులు. అయినా సిగ్గుపడాల్సింది నేనే. వాళ్ళకి రెండో పుస్తకం లేదు. నాకుంది.

ఇంకెప్పుడూ ఇలా మోసపోకూడదని ఆ అరుగు మీదే ఒక సూత్రం కనిపెట్టాను. శవం చూపించారా? చూపించకపోతే చావనట్టే.

ఈ నాలుగు మాటల సూత్రంతో నేను ముప్ఫై ఏళ్ళు బతికాను. హాస్టల్లో షాడో నవలలు చదివేవాళ్ళకి జోస్యం చెప్పాను. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు, హిందీ ఒక్క ముక్క రాకపోయినా, ‘క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ’లో మిహిర్ పోయాడని కళ్ళు తుడుచుకుంటుంటే “వస్తాడండీ” అన్నాను. వచ్చాడు. అప్పటినుంచీ ఆవిడ నాకు రెండు గరిటెల నెయ్యి ఎక్కువ వేసేది. అల్లుడికి ఇంకేం కావాలి? ఆ నెయ్యి నా నెత్తికెక్కింది.

నా సూత్రాన్ని ఖాతరు చెయ్యని మనిషి ఒక్కడే, మా నాన్న. హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. భారతం రామాయణం నాలుక చివర ఉంటాయి. “ఒరే, వారణావతంలో లక్క ఇల్లు కాలిపోయాక ఆరు శవాలూ దొరికాయి. తల్లీ, అయిదుగురు కొడుకులూ. ఊరంతా చూసింది. ధృతరాష్ట్రుడు తర్పణాలు కూడా వదిలాడు. ఏమైంది? విదురుడు పంపిన మనిషి తవ్విన సొరంగంలోంచి పోయి ద్రౌపది స్వయంవరంలో తేలారు. కాలిపోయింది ఎవరో నిషాద స్త్రీ, ఆవిడ పిల్లలు. పాపం వాళ్ళ గురించి ఏడ్చినవాడు లేడు” అనేవాడు. నేను ఊరుకోక “అవి గుర్తుపట్టే శవాలు కాదుగా” అనేవాణ్ణి. “అయితే సీతమ్మకి రాముడి తలే తెచ్చి చూపించాడు రావణుడు. గుర్తుపట్టే తలే. అది విద్యుజ్జిహ్వుడి మాయ అని సరమ చెప్పేదాకా ఆవిడకి తెలియలేదు. చూపించినా చావలేదు, ఏం చేస్తావ్?”

“మరి ద్రోణుడు? అశ్వత్థామ పోయాడనగానే విల్లు పడేశాడు. శవం ఏదీ అని ఒక్క మాట అడిగి ఉంటే ఏనుగు బయటపడేది కదా!” అన్నాను ఒకసారి, దెబ్బకొట్టానన్న ధీమాతో.

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “తండ్రిరా ఆయన. నీలా ప్రేక్షకుడు కాదు.”

ఆ మాట అప్పుడే చెవికెక్కించుకుని ఉంటే ఈ స్వగతం మీకు తప్పేది. కానీ 2015 జూలై 10 వచ్చింది. బాహుబలి మొదటి భాగం చూశాం. వెనకనుంచి కత్తి దిగింది, చంపింది తనేనని కట్టప్ప చెప్పాడు, మిగతా కథ రెండో భాగంలో అన్నారు. ఆ మర్నాటినుంచి దేశమంతా ఒకటే ప్రశ్న, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? టీకొట్టులో అదే, పెళ్ళిపందిట్లో అదే. నేనొక్కణ్ణే చిరునవ్వు నవ్వి, కుర్చీలో వెనక్కి వాలి, “అసలు చంపాడా?” అనేవాణ్ణి. ఆహా, అప్పుడు నావైపు తిరిగే ఆ తలలు! నూటపాతిక కోట్లమంది ‘ఎందుకు’ దగ్గర ఆగిపోతే ‘అసలు’ దాకా వెళ్ళినవాణ్ణి నేను.

నా దగ్గర సాక్ష్యాలు కూడా ఉండేవి. ఒకటి, శవం చూపించలేదు. రెండు, సినిమా నిండా జలపాతం ఉంది, జలపాతం ఉన్న కథలో మనిషి చావడని రైకెన్‌బాక్ సాక్షిగా నాకు తెలుసు. మూడు, దేవసేన పాతికేళ్ళు సంకెళ్ళలో పుల్లలేరుకుంటూ ఎదురుచూసింది ఎవరికోసం? కొడుకు కోసం అని అందరూ అంటారు. నాకు తెలుసు, మొగుడి కోసం. ఇరవై ఒక్క నెలలపాటు ఈ మూడు పాయింట్లూ చెప్పి చెప్పి, ఆఖరికి రాజమౌళి గారు నన్ను అడిగే కథ రాసుకున్నారన్నంత నమ్మకానికి వచ్చేశాను.

సంక్రాంతికి అత్తారింట్లో అరిసెలు తింటూ బావమరిదితో మాట పెరిగింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అతనిది, ప్రతిదానికీ ఆధారం అడుగుతాడు.

“పోయాడు బావా. చంపినవాడే చెబుతుంటే!”

“చెప్పాడు. శవం చూపించాడా?”

“పందెమా?”

“బాహుబలి బతికిరాకపోతే గుండు కొట్టించుకుంటా. మీసంతో సహా.” మీసంతో సహా అన్నప్పుడు మీసం మీద చెయ్యి కూడా వేశాను. వంటింట్లోంచి మా ఆవిడ “వద్దండీ” అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆ మాట అన్న ప్రతిసారీ విని ఉంటే నాకు ఇప్పుడు రెండు ఫ్లాట్లు ఉండేవి.

2017 ఏప్రిల్ 28, శుక్రవారం పొద్దుటి ఆట. పక్క సీట్లో బావమరిది. కట్టప్ప కత్తి దిగింది. నేను కాలుమీద కాలు వేసుకున్నాను. బాహుబలి తూలుకుంటూ వెళ్ళి బండమీద సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఇప్పుడు లేస్తాడు అనుకున్నాను. మాహిష్మతికి జై కొట్టాడు. ఇదిగో లేస్తాడు అనుకున్నాను. కళ్ళు నిలబడిపోయాయి. భల్లాలదేవుడు వచ్చి చచ్చినవాడి మీద కూడా కసి తీర్చుకున్నాడు. హాలంతా ఏడుస్తోంది. శవం చూపించమని అడిగింది నేనే కదా. చూపించారు. ఇంకో పావుకాసు అనుమానం లేకుండా, అన్నివైపులనుంచీ చూపించారు.

బావమరిది ఏమీ అనలేదు. పాప్‌కార్న్ డబ్బా నావైపు జరిపాడు. ఆ మర్యాద ఉందే, అదే తట్టుకోలేకపోయాను.

ఆదివారం పొద్దున బెజవాడలో మా వీధి చివర సెలూన్‌లో కూర్చున్నాను. “తిరుపతి మొక్కా సార్?” అన్నాడు. ఊఁ అన్నాను. ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను, బావమరిది పెట్టిన గడువది. అమ్మ ఆవకాయ పెడుతోంది, వచ్చి జాడీ తీసుకెళ్ళమని చెప్పి ఉంది. బస్సెక్కి తెనాలిలో దిగాను. దిగీ దిగగానే ఎదురుగా లెక్కల మాస్టారు.

నాన్నా ఆయనా ముప్ఫై ఏళ్ళు ఒకే స్టాఫ్‌రూములో పనిచేశారు. రిటైరయ్యాక ఆయన తెనాలిలో కొడుకు దగ్గర ఉంటున్నారు. నన్ను చూసి నిలువునా ఆగిపోయారు. మా గోదారీ కృష్ణా పక్క గుండూ లేని మీసమూ కనిపిస్తే మనిషి మనసు రెండు చోట్లకే పోతుంది. ఒకటి తిరుపతి. రెండోది మీకు తెలుసు.

“తిరుపతా?” అన్నారు ఆశగా. ఊఁ అంటే ప్రసాదం అడుగుతారు, సంచీలో ఖాళీ జాడీ తప్ప ఏమీ లేదు. పందెం అని చెప్పడానికి సిగ్గు. తల అడ్డంగా ఊపి నేలచూపులు చూశాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. “ఎప్పుడురా?”

బావమరిది పుణ్యమా అని కబురు ఇక్కడిదాకా వచ్చేసిందన్నమాట అనుకున్నాను. “శుక్రవారం పొద్దున మాస్టారూ.”

“నాకొక్కళ్ళూ చెప్పలేదే!”

“ఏం చెప్పమంటారు. నాకే నమ్మబుద్ధి కాలేదు.”

“బాధపడ్డాడా?”

“లేదు మాస్టారూ. దర్జాగా కూర్చునే పోయాడు.”

“అదృష్టవంతుడు. పక్కన ఎవరున్నారు?”

“నమ్మినబంటు ఒక్కడే.”

“పాలేరా! మీరెవరూ లేరా?”

“మేమంతా చూస్తూనే ఉన్నాం. ఏం చెయ్యగలం చెప్పండి.”

“అమ్మ ఎలా ఉందిరా?”

“ఆవకాయ పెడుతోందండీ.”

మాస్టారు నా వంక అదోలా చూశారు. కండువాతో కళ్ళు ఒత్తుకుంటూ గబగబా వెళ్ళిపోయారు. చూశారా, ఇక్కడికైనా నాకు వెలగాలి. ఆయన హాలుకెళ్ళి సినిమా చూసి ఇరవై ఏళ్ళు దాటింది. అలాంటి మనిషి బాహుబలి కోసం ఏడుస్తుంటే నేనేమనుకున్నానో తెలుసా? ‘ఎంత గొప్ప సినిమా’ అనుకున్నాను!

నేను టోపీ కొనుక్కోవడానికి బజారు తిరిగి, బస్సు తప్పించుకుని, తరవాతి బస్సుకోసం గంట కూర్చున్నాను. మాస్టారు ఆ గంటలో పాత స్టాఫులో నలుగురికి ఫోన్లు చేసి, బంతిపూల దండ కొని, ఆటో మాట్లాడుకుని మా ఊరు చేరారు. గేటు తీశారు. వరండాలో పడక్కుర్చీలో పేపరు. పేపరు పక్కకి జరిగింది. వెనక మా నాన్న.

“రావయ్యా రా, ఎండలో వచ్చావేం?”

వాట్సన్ ఎందుకు పడిపోయాడో అప్పుడు మాస్టారుకి తెలిసింది. వాట్సన్‌కి బ్రాందీ పట్టారు, మాస్టారుకి అమ్మ మజ్జిగ పట్టింది. ఆయన తేరుకునేలోగా రెండో ఆటో, మూడో ఆటో, ఒక మోటారు సైకిలు, డ్రిల్లు మాస్టారు, ఆయన తెచ్చిన ఇంకో దండ, ఏడుస్తూ లోపలికొచ్చి నాన్నని దాటుకుని వెళ్ళి శవం ఎక్కడని నాన్ననే అడిగిన క్లర్కు, గోడమీదనుంచి చూస్తున్న చుట్టుపక్కలవాళ్ళు, ఎందుకైనా మంచిదని కుర్చీలు దింపేస్తున్న షామియానా కుర్రాడు. ఈ సంత మధ్యలోకి నేను టోపీ పెట్టుకుని, ఖాళీ జాడీ చంకలో పెట్టుకుని దిగాను.

అందరూ నావైపు తిరిగారు. తలలు తిరగాలని జన్మంతా తపించినవాణ్ణి కదా. తిరిగాయి.

లెక్కల మాస్టారు లేవబోయి మళ్ళీ కూలబడ్డారు. అమ్మ ఆవపిండి చేతులతోనే నా టోపీ లాగేసి, గుండు చూసి, “తండ్రి బతికుండగా మీసం తీయిస్తావురా!” అని మొదలుపెట్టింది. ఆ తరవాతి మాటలు అచ్చులో పెట్టేవి కావు. నాన్న మాత్రం దండ చేతిలో పట్టుకుని చూస్తూ, ఒక్కటే అడిగాడు.

“ఏరా, శవం చూపించారా?”

మీరు నమ్మండి నమ్మకపోండి, ఆ రోజు ఇంట్లో అందరికంటే సంతోషంగా ఉన్నది ఆయనే. తను పోతే ఎవరు ఎంత ఏడుస్తారో చూసుకోవాలని లేనిది ఎవరికి? అమెరికాలో టామ్ సాయర్ అనే పిల్లాడు, మార్క్ ట్వైన్ కథలో, చచ్చిపోయాడని ఊరు గుళ్ళో ప్రార్థన చేస్తుంటే దాక్కుని విన్నాడు. మా నాన్నకి దాక్కోవాల్సిన శ్రమ కూడా లేకపోయింది. వారంరోజులు ఫోన్‌లో అదే పని: “లెక్కలాయన ఆటోలో ఎక్కడినుంచి మొదలెట్టాడట ఏడవడం? తెనాలి నుంచా, ఊళ్ళోకొచ్చాకా?” డ్రిల్లు మాస్టారి కళ్ళు పొడిగా ఉన్నాయని మాత్రం కొంచెం నొచ్చుకున్నాడు. ఎప్పుడో రెండువేలు చేబదులు తీసుకున్న ఒకాయన నాన్నని చూసి ‘అయ్యో’ అన్నాడట. ఆ ‘అయ్యో’ని నాన్న నాకు మూడు రకాలుగా అని వినిపించాడు. పోయాడని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు కదా, అందుకని అమ్మ కూడా నాలుగు రోజులకి చల్లబడింది. ఆవకాయ జాడీ మాత్రం ఆ ఏడు నాకివ్వలేదు.

ఆఫీసులో తిరుపతి అన్నాను. ప్రసాదం ఏదీ అన్నారు. మిఠాయికొట్లో లడ్డూలు కొని, చిదిపి, కాగితంలో చుట్టి పంచాను. దేవుడు క్షమిస్తాడేమో గానీ, పచ్చకర్పూరం వాసన రావట్లేదే అని మళ్ళీ మళ్ళీ వాసన చూసిన మా అకౌంటెంటు క్షమించడు.

ఇంతటితో బుద్ధి రావాలి. వచ్చింది కూడా, అదే వచ్చిన చిక్కు. సూత్రాన్ని కృష్ణలో కలిపేశాను. ఇకమీదట కథలో ఎవరు పోయినా పోయినట్టే, వయసొచ్చిన మనిషి చావుని ఒప్పుకోవాలి అని తీర్మానించుకున్నాను. ఈ పెద్దరికంతోనే 2022 వేసవిలో ఊరెళ్ళాను. ‘కార్తీకదీపం’ సీరియల్లో ప్రమాదం జరిగింది. వంటలక్క దీప పోయింది, డాక్టర్ బాబు కార్తీక్ పోయాడు, పిల్లలు పెద్దవాళ్ళైపోయారు. సగం రాష్ట్రం తల్లడిల్లుతోంది. అమ్మ మాత్రం నిమ్మళంగా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

“వస్తారులే” అంది.

“అమ్మా, పోయారే. కథ ఒక తరం ముందుకి వెళ్ళింది. ఒప్పుకో.”

“శవాలు చూపించారా?”

నా సూత్రం! ముప్ఫై ఏళ్ళు నేను పెంచి, అయిదేళ్ళ కిందట వదిలేసిన సూత్రం మా అమ్మ ఒళ్ళో చిక్కుడుకాయల మధ్య కూర్చుని నన్ను చూస్తోంది. దణ్ణం పెట్టి ఊరుకోవాలా వద్దా? పెట్టలేదు. “వస్తే నిన్నూ నాన్ననీ తిరుపతి తీసుకెళతా. అక్కడే గుండు కొట్టించుకుంటా” అన్నాను. మా ఆవిడ ఫోన్‌లో విని వద్దండీ అంది.

కొన్ని నెలలు తిరిగేసరికి దీప వచ్చింది. కార్తీక్ కూడా బతికే ఉన్నాడు.

కొండమీద కల్యాణకట్టలోంచి ముగ్గురం బయటికొచ్చాం. ఈసారి మీసం నేనిచ్చింది దేవుడికి, అమ్మ పక్కనుండగా, నాన్న చూస్తుండగా. అమ్మ సరదాపడి నా గుండు ఫోటో ఒకటి తీసి తెలిసినవాళ్ళందరికీ పంపింది. నాన్నని అందులో పెట్టడం మర్చిపోయింది. లడ్డూల క్యూలో ఉండగా నాన్న జేబులో ఫోను మోగింది. అవతల లెక్కల మాస్టారు. ఈసారి ఆటో మాట్లాడుకోలేదాయన, తిన్నగా మనిషికే చేశారు. గొంతు నాదాకా వినపడుతోంది.

“ఉన్నావా?”

“ఉన్నానయ్యా. ఈసారి వంటలక్క.”